వేదిక చిన్నది, వీధి పెద్దది: చిన్న పట్టణంలో సంక్రాంతి సంబరాలు ఎలా జరపాలి?

కనుమ నాడు కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. అక్కడ గుడి లేదు. ఉన్నది కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి, వెదురుతో కట్టి గుడ్డలు చుట్టిన పదకొండు ప్రభలు మనుషుల భుజాల మీద అక్కడికి చేరతాయి. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి కలుసుకునే చోటు అదేనని నమ్మకం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం వాళ్లు తమ ప్రభలను కౌశిక కాలువలోకి దించి, నీళ్లలోంచి అవతలి గట్టుకు మోసుకొస్తారు. దారిలో పచ్చని చేలు అడ్డొస్తే చేలోంచే నడుస్తారు, రైతు కాదనడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్లింది ఈ తీర్థమే.

ఇన్ని తరాలుగా అది ఆగకుండా నడవడానికి కారణం భక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎవరి ప్రభను వాళ్లే కట్టుకుంటారు, వాళ్లే మోస్తారు. వెదురు తెచ్చేవాళ్లు, గుడ్డలు చుట్టేవాళ్లు, భుజం పట్టేవాళ్లు అందరూ ఆ ఊరివాళ్లే. చూడటానికి వచ్చేవాళ్లు వేలల్లో ఉన్నా, పండగ చేసేవాళ్లూ వందల్లో ఉంటారు.

మన చిన్న పట్టణాల్లో ‘సంక్రాంతి సంబరాలు’ అని బ్యానరు కట్టి జరిపేవి చాలావరకు దీనికి తలకిందులు. ఒక మైదానం, ఒక ఎత్తయిన వేదిక, నాలుగు పెద్ద స్పీకర్లు, పక్క జిల్లా నుంచి ఆర్కెస్ట్రా. పదిమంది చేస్తుంటే ఊరంతా కూర్చుని చూస్తుంది. మూడో ఏటికి కుర్చీలు ఖాళీ అవుతాయి, నాలుగో ఏట చందా అడగడానికి కమిటీవాళ్లకే మొహం చెల్లదు.

ఈసారి ఆ బాధ్యత మీ నెత్తిన పడిందా? ముప్పై నలభై వేల జనాభా ఉన్న పట్టణం, అనుభవం లేని కమిటీ, చేతిలో పెద్దగా డబ్బు లేదు అనుకుని మొదలుపెడదాం.

దీపావళి కాగానే కూర్చోండి

కార్తీకమాసం మొదటి ఆదివారమే తొలి సమావేశం పెట్టండి. డిసెంబరు దాకా ఆగితే కోస్తా పట్టణాల్లో సగంమంది కుర్రాళ్లు అయ్యప్ప మాలలో ఉంటారు, మిగతా సగంమంది క్రిస్మస్ ఏర్పాట్లలో ఉంటారు. టెంట్లవాళ్లు, లైటింగువాళ్లు అప్పటికే వేరే ఊళ్లకు మాట ఇచ్చేసి ఉంటారు.

కమిటీ అంటే మెయిన్ బజారు షాపుల యజమానులూ రిటైరైన ఇద్దరు మేష్టార్లూ అనే అలవాటును ఇక్కడే వదిలించుకోవాలి. వార్డుకు ఇద్దరిని తీసుకోండి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. వాళ్లకు తోడు మునిసిపల్ పారిశుద్ధ్య మేస్త్రీని, లైన్‌మన్‌ను, హైస్కూలు పీఈటీని, తోపుడుబళ్లవాళ్లలో ఒకరిని పిలవండి. ఈ నలుగురికీ తెలిసినంత ఊరు ఏ అధ్యక్షుడికీ తెలియదు. ఏ డ్రైను మీద పలక లేదో, ఏ స్తంభం దగ్గర వైరు కిందికి వేలాడుతోందో, జనం ఎక్కడ ఇరుక్కుపోతారో అడక్కుండానే చెబుతారు.

పనులను అయిదుగా విడదీయండి: డబ్బు, అనుమతులు, వీధి కార్యక్రమాలు, కళాకారులు, నీళ్లు-శుభ్రత. ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. ‘అందరం చూసుకుందాంలే’ అన్న పనిని ఎవరూ చూడరని పెళ్లి చేసిన ప్రతి ఇంటికీ తెలుసు.

ఊరు నడిచి చూడండి

కాగితం మీద కార్యక్రమం రాసే ముందు, ఒక పుస్తకం పట్టుకుని రెండు మూడు సాయంత్రాలు వార్డులన్నీ తిరగండి. పండగకు మీరు కొత్తగా ఏం చేయించాలి అని అడక్కండి, ఇప్పటికే ఎవరేం చేస్తున్నారని అడగండి. ఏ వీధిలో నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ రోజూ ముగ్గు పడుతుంది? కోలాటం వచ్చినవాళ్లు ఎవరు? చెక్కభజన బృందం ఇంకా ఉందా, చెక్కలు అటకెక్కాయా? గొబ్బి పాటలు నోటికి వచ్చిన పెద్దావిడలు ఎంతమంది మిగిలారు? ఉత్తరాంధ్ర వైపు అయితే తప్పెటగుళ్లు, గోదావరి వైపు అయితే గరగలు, ఏ ఊరికైనా డప్పు. మీ ఊరి సంబరానికి ముడిసరుకు ఇదంతా. దీన్ని వదిలేసి బయటినుంచి కొనుక్కురావడం దగ్గరే ఖర్చు మొదలవుతుంది.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా రాసుకోండి. ‘సంబరాలు మా వైపు ఎప్పుడూ రాలేదు’ అనే పేటలు ఏవి? ఊరి చివరి కాలనీలు, కాలువ అవతలి పేటలు, దళితవాడలు చాలా పట్టణాల్లో ఈ జాబితాలో ఉంటాయి. మంట ఎక్కడ వేస్తారు, గంగిరెద్దు ఏ దారిన వెళుతుంది, బహుమతి ఎక్కడ ఇస్తారు అనేవి ఊళ్లో ఎవరు లెక్కలో ఉన్నారో ఎవరు లేరో చెప్పకనే చెబుతాయి. చందా మాత్రం అన్ని పేటల్లోనూ అడుగుతాం కదా. అందుకే కనీసం ఒక ముఖ్య కార్యక్రమాన్ని ఏటా ఒక వార్డుకు తిప్పండి. మొదటి ఏడాది కొందరు సణుగుతారు. సణగనివ్వండి.

ఏ రోజు ఏది పెట్టాలి

పండగ తేదీ ఏటా ఒకటే ఉండదు. భోగి 2024లో జనవరి 14న వచ్చింది, 2025లో 13న వచ్చింది. పంచాంగం చూసి, మీ ఊరి గుడి అర్చకులతో మాట్లాడి ఖాయం చేసుకున్నాకే కరపత్రం అచ్చు వేయించండి.

సంక్రాంతి రోజు పొద్దున ఏమీ పెట్టకండి. ఆ పూట ఇళ్లలో పెద్దలకు పెట్టుకోవడాలు, వంటలు, కొత్త బట్టలు, వచ్చిన అల్లుళ్లు. ఆ టైములో ముగ్గుల పోటీ పెట్టి ‘ఆడవాళ్లు రావడం లేదు’ అని వాపోయే కమిటీలున్నాయి. ముగ్గుల పోటీ భోగి ముందురోజు పొద్దున. భోగి తెల్లవారుజామున మంటలు, సాయంత్రం వార్డుల్లో పిల్లలకు భోగిపళ్లు. సంక్రాంతి సాయంత్రం వీధుల్లో కోలాటం, గొబ్బి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లు ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు కాబట్టి ఊరంతా ఒకచోట చేరే కార్యక్రమం ఆ సాయంత్రానికే ఉంచండి. మినపగారెలూ మాంసమూ తిని కునుకు తీసిన ఊరు నాలుగింటికి ముందు లేవదు, ఆరింటికల్లా చీకటి పడుతుంది. ఆ రెండు గంటలే మీకు బంగారం.

డబ్బు సంగతి

ఉదాహరణకు 3 లక్షలు వస్తాయనుకుందాం. నేనైతే కళాకారులకు 75 వేలు, నీళ్లకూ మరుగుదొడ్లకూ శుభ్రతకూ 60 వేలు, లైట్లకూ మైకుకూ టెంట్లకూ 60 వేలు, ముగ్గులూ ఆటల బహుమతులకు 45 వేలు, అనుమతులకూ ప్రథమ చికిత్సకూ కరపత్రాలకూ 15 వేలు పెడతాను. మిగిలిన 45 వేలను ముట్టుకోను. వాన పడొచ్చు, జనరేటరు మొరాయించొచ్చు. రెండో పద్దు చూసి చాలామంది ముక్కున వేలేసుకుంటారు. మరుగుదొడ్లకు అంతా? అంతే. దాని కారణం తరువాత చెబుతాను.

చందాకు వరస సంఖ్యలున్న రసీదు పుస్తకాలు అచ్చు వేయించి, ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసుకోండి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో ఉండాలి. స్కానర్ స్టిక్కరు ఆ ఖాతాదే అయ్యుండాలి. కోశాధికారి సొంత ఫోను నంబరుకు డబ్బు వేయించడం ఎంత నిజాయితీపరుడికైనా నిందలు తెచ్చిపెడుతుంది. ఏటా జరపాలనుకుంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘంగా నమోదు చేయించుకుంటే ఖాతా తెరవడం సులువవుతుంది.

పెద్ద దాతల దగ్గర ఒక జాగ్రత్త. ‘లక్ష ఇస్తాను, కానీ’ అని వచ్చే డబ్బులో ఆ ‘కానీ’ తరువాతి మాట పూర్తిగా వినండి. వేదిక నిండా తన ఫొటో కావాలంటే బేరమాడవచ్చు. మైదానం పక్కన కోడిపందేల బరికి, గుండాటకు చోటివ్వమంటే మాత్రం చేతులు జోడించి వచ్చేయండి. కోళ్లను పందేలకు దించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. పందెం కాయడం 1974 నాటి గేమింగ్ చట్టం కిందికి వస్తుంది. గోదావరి జిల్లాల్లో పండగంటే పందెమే అనేవాళ్లతో వాదన పెట్టుకోనక్కర్లేదు. కమిటీ పేరు, కమిటీ మైకు, కమిటీ మైదానం దానికి ఇవ్వకపోతే చాలు. బరి మైదానం దగ్గరికి చేరిన ఊళ్లో సాయంత్రం ఆడవాళ్లూ పిల్లలూ రావడం తగ్గుతుందన్నది కళ్లముందు కనిపించేదే.

అనుమతులు

డిసెంబరు మొదటి వారంలో నాలుగు అర్జీలు ఇచ్చి, నకళ్ల మీద ముద్ర వేయించుకోండి: మైకుకూ ఊరేగింపుకూ పోలీసు స్టేషనులో, రోడ్డుకూ మైదానానికీ పారిశుద్ధ్యానికీ మునిసిపల్ కమిషనరుకు, తాత్కాలిక కనెక్షనుకు విద్యుత్ సెక్షన్ ఆఫీసులో, జాగ్రత్తల కోసం అగ్నిమాపక కేంద్రంలో. మైదానం బడిదైతే ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అంగీకారం కావాలి. స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవడం చౌకగా కనిపిస్తుంది. తడి నేల మీద పిల్లలు తిరిగే చోట దాని ఖరీదు కట్టలేం.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో మైకు వాడకూడదు. పండగల కోసం అర్ధరాత్రి దాకా సడలించే అధికారం ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. సడలింపు ఉన్నా వాడుకోకండి. తొమ్మిదిన్నరకు ముగించిన సభకు మరుసటి రోజు ముసలివాళ్లు కూడా వస్తారు.

ముగ్గులు: ఇక్కడ శ్రద్ధ పెట్టండి

ఊళ్లో ఎక్కువమంది చేతులు ఒకేసారి కదిలే కార్యక్రమం ఇదే. అయినా దీన్నే అన్నిటికంటే అడ్డదిడ్డంగా జరుపుతారు.

కొలతలతో మొదలుపెట్టండి. మనిషికి 5 అడుగుల చదరం, చదరానికీ చదరానికీ మధ్య 2 అడుగుల సందు. అంటే ఒక్కొక్కరికి 7 అడుగులు. రోడ్డుకు రెండు వైపులా 30 మంది చొప్పున 60 మందికి 210 అడుగుల పొడవు చాలు. ముందురోజు రాత్రే రోడ్డు ఊడ్పించి, కళ్లాపి చల్లించి, సున్నంతో గళ్లు గీయించండి. జనవరిలో తెల్లవారుజామున మంచుకు రోడ్డు చెమ్మగా ఉంటుంది, పొడి అంటుకుని గడ్డకడుతుంది. ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపితే వెలుగూ ఉంటుంది, ఎండా నెత్తికెక్కదు. రెండు చివర్లా బారికేడ్లు, పక్క వీధిలోంచి దూసుకొచ్చే బైకుల కోసం ఒక మనిషి.

తరువాత విభాగాలు. అన్నిటినీ కలిపి పోటీ పెడితే గెలిచేది ఎప్పుడూ ఒకటే రకం: నెమలి బొమ్మో, ధాన్యలక్ష్మో, పది రంగుల పొట్లాలతో నింపిన చిత్రం. పక్క గడిలో ఒకావిడ 15 చుక్కలు పెట్టి, 8 వచ్చేదాకా సందు చుక్క దింపి, గీత ఎక్కడా తెగకుండా మెలికల ముగ్గు తిప్పి ఉంటుంది. చేతి వేళ్ల మధ్య పిండి జారే వేగం ఒక్కసారి తప్పినా ఆ గీత లావుసన్నాలవుతుంది. ఆమెకు ప్రోత్సాహక బహుమతి అని ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పంపిస్తారు. అందుకే చుక్కల ముగ్గులకు వేరే విభాగం పెట్టండి. అందులో రంగులు వద్దు, తెల్లపిండి మాత్రమే. పిల్లలకు మూడోది. మగవాళ్లు వేస్తామంటే వేయనివ్వండి.

గడికి సంఖ్య ఉండాలి, పేరు ఉండకూడదు. న్యాయనిర్ణేతలు పక్క ఊరి నుంచి రావాలి. కౌన్సిలరుగారి కోడలు, బ్యాంకు మేనేజరుగారి భార్య అనే మాటలు వాళ్ల చెవిన పడకూడదు. ఏం చూస్తారో ముందే చెప్పండి: గీత ఒకే మందంలో ఉందా, చుక్క మిగిలిందా, చెరిపి దిద్దారా. మొదటి బహుమతిగా ఒకరికి ఫ్రిజ్ ఇచ్చేకంటే, పదిమందికి సమానంగా స్టీలు గిన్నెల సెట్లు ఇస్తే వచ్చే ఏడాది పేర్లు రెట్టింపవుతాయి. పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కిలో ముగ్గుపిండి కమిటీయే ఇవ్వాలి.

ఫలితం గంటలో, ఆ రోడ్డు మీదే ప్రకటించాలి. సాయంత్రం వేదిక మీద, ఎమ్మెల్యేగారు వచ్చాక అంటే ఇంట్లో అరిసెల పిండి కొట్టుకోవాల్సిన మనిషి మళ్లీ చీర మార్చుకుని రావాలి.

ఇదంతా బాగా జరిగితే రెండో ఏడాదికి దీనికంటే మంచి పని ఒకటుంది. పండగ చివర, కొన్నిచోట్ల కనుమ నాడు, కొన్నిచోట్ల ముక్కనుమ నాడు రథం ముగ్గు వేస్తారు. రథానికి తాడు గీసి, ఆ తాడును పక్కింటి రథంతో కలుపుతారు, అది ఆ పక్కింటికి. ఈ అలవాటు అపార్టుమెంట్లు వచ్చాక పలచబడింది. దీన్ని పోటీగా పెట్టండి. బహుమతి మనిషికి ఇవ్వొద్దు, వీధికి ఇవ్వండి. తెగకుండా ఎక్కువ గడపలు కలిపిన వీధికి, వాళ్లు అడిగిన వీధిదీపమో సిమెంటు బెంచీయో కమిటీ ఖర్చుతో. వీధి మలుపు దగ్గర తాడు ఆగిపోయిందా, పేటలోకి కూడా వెళ్లిందా అన్నది ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఊరికి కనబడుతుంది.

హరిదాసు, గంగిరెద్దు

ధనుర్మాసం అంతా తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, తంబురతో తిరిగే హరిదాసును కనుమ సాయంత్రం వేదిక ఎక్కించి, పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుని దించేయడం ఇప్పటి రివాజు. ఆయన కళ నడకలో ఉంది, గుమ్మం ముందు ఆగడంలో ఉంది. కుర్చీల ముందు నిలబెడితే సగం పోతుంది. కళాకారులను వీధులకే పంపండి. ఏ వార్డుకు ఏ పొద్దున ఎవరు వస్తారో దారి పట్టిక రాసి, వార్డు వాట్సాప్ గ్రూపుల్లో ముందురోజు పెట్టండి. పిల్లలు బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడతారు.

సంభావన మొత్తం ముందే మాట్లాడి, సగం రాగానే చేతిలో పెట్టండి. ప్రయాణం, రెండు పూటల భోజనం, రాత్రి పడుకోవడానికి శుభ్రమైన గది కమిటీ బాధ్యత. ఇళ్లవాళ్లు ఇచ్చే బియ్యం, పాత బట్టలు దానికి అదనం, వాటిని లెక్కలో కలపకండి. గంగిరెద్దుకు పచ్చగడ్డి, తొట్టినీళ్లు, నీడ ఉండాలి. స్పీకరు పెట్టె పక్కన దాన్ని నిలబెట్టొద్దు. సన్నాయి, డోలు వాళ్లకు మైకు అక్కర్లేదు. ఏ పిట్టలదొరో బుడబుక్కలవాడో దొరికితే ఒక సాయంత్రం బడి పిల్లల మధ్య కూర్చోబెట్టి మాట్లాడించండి.

భోగి మంట

మైదానం మధ్య ముప్పై అడుగుల మంట వేసి డ్రోనుతో వీడియో తీయించడం మానేసి, వార్డుకొక చిన్న మంట వేయించండి. మనిషి ఎత్తు మించొద్దు. పైన వైర్లు లేని చోటును లైన్‌మన్ వచ్చి చూసి సరే అన్నాకే కట్టెలు పేర్చాలి. పాత కలప, కొబ్బరిమట్టలు, పిల్లలు కూర్చుకొచ్చిన భోగి పిడకల దండలు, అంతే. టైర్లు, రెక్సిన్ సోఫాలు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వద్దు. పాతవన్నీ వేయాలి కదా అని తెచ్చేవాళ్ల కోసం పక్కనే ఒక మునిసిపల్ ట్రాక్టరు నిలబెట్టించండి, అందులో వేసి పోతారు.

రెండు డ్రమ్ముల నీళ్లు, ఇసుక కుప్ప, చుట్టూ తాడు. నైలాన్ చున్నీలు, సింథటిక్ చీరలతో దగ్గరికి వెళ్లొద్దని ముందురోజే చెప్పించండి. ఆ వేళకు మైకు ఎలాగూ నిషేధం, నోటి పాట చాలు. బూడిదను నీళ్లతో పూర్తిగా చల్లార్చి, తొమ్మిదికల్లా ఎత్తించాలి. అదే దారిన పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తుతారు.

నీళ్లు, మరుగుదొడ్లు, దారులు

60 వేల పద్దు దగ్గరికి వచ్చాం. సాయంత్రం కార్యక్రమానికి వచ్చిన ఆడవాళ్లు ఏడింటికల్లా ఎందుకు లేచిపోతారో ఏ కమిటీ సమావేశంలోనూ చర్చకు రాదు. పాటలు బాగాలేక అనుకుంటారు. చుట్టుపక్కల ఎక్కడా మరుగుదొడ్డి లేక వెళ్లిపోతారు. మునిసిపాలిటీ దగ్గర సంచార మరుగుదొడ్లుంటే అర్జీలోనే అడగండి, లేకపోతే అద్దెకు తెప్పించండి. మగవాళ్లకు ఎన్నో, ఆడవాళ్లకు వాటికి రెట్టింపు. దారికి లైటు, లోపల గడియ, బకెట్టులో నీళ్లు, గంటకోసారి కడిగే మనిషి. ఆ మనిషికి రోజు కూలి రెట్టింపు ఇచ్చి, చేతి తొడుగులు ఇవ్వండి. పసిపిల్లల తల్లులకు తెర కట్టిన ఒక మూల కూడా.

మంచినీళ్లకు మనిషికి అరలీటరు లెక్క. వెయ్యిమందికి 500 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 25. ఒకే చోట పెట్టకుండా మూడు చోట్ల పెట్టండి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మాకోల్, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతా నిషేధం. స్టీలు గ్లాసులు గొలుసుతో కట్టేయడం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది.

దారుల విషయంలో మొహమాటం వద్దు. 2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఏకాదశి నాడు గుడికి వచ్చిన జనం ఇరుకు మెట్ల దారిలో తొక్కిసలాటకు గురై ప్రాణాలు కోల్పోయారు. అదీ చిన్న పట్టణమే. మైదానంలోకి వచ్చే దారి వేరుగా, బయటికి వెళ్లే దారి వేరుగా ఉండాలి. రెండూ ట్రాక్టరు పట్టేంత వెడల్పు. ఉచితంగా ఏదైనా పంచాలంటే గేటు దగ్గర పంచొద్దు, వార్డుల్లోనే ముందురోజు పంచేయండి. 108 బండి ఏ దారిన వస్తుందో ఆ దారిలో ఒక్క బైకునూ ఆపనివ్వొద్దు.

పిల్లలు గాలిపటాలు ఎగరేసే ఊరైతే దుకాణాల వాళ్లతో ముందే మాట్లాడండి. నైలాన్ దారాన్ని, మనం చైనా మాంజా అనేదాన్ని, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. నూలు దారమే అమ్మమనండి.

తిండి

బయటి నుంచి వచ్చే నూడుల్స్ బండ్ల కంటే ముందు మీ ఊరి స్వయం సహాయక సంఘాల మహిళలకు చోటివ్వండి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) కార్యాలయంలో అడిగితే ఎవరు బాగా వండుతారో చెబుతారు. అద్దె వద్దు, శుభ్రతకు కొంత డిపాజిట్ చాలు. అన్నీ చేసి తెచ్చి అమ్మితే అది దుకాణమే. ఒక్కటైనా అక్కడే చేయించండి. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, అరిసె నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కడం. పాకం ఉండపాకానికి వచ్చిందో లేదో నీళ్లలో వేసి చూసే చోట ఆర్కెస్ట్రా ముందు కంటే ఎక్కువమంది చేరతారు. ‘పిన్నీ, ఇంకాస్త ముదరనివ్వాలి’ అని జనంలోంచి ఒకావిడ సలహా ఇస్తుంది, ఇంకొకావిడ కాదంటుంది. విస్తళ్లు అరటాకులో, మోదుగాకులో.

ఇక వేదిక

ఉండాలి, కానీ అడుగున్నర ఎత్తు చాలు. కనుమ సాయంత్రం రెండు గంటలు మాత్రమే. వార్డుకు కొద్ది నిమిషాలు ఇచ్చి, వాళ్లకు వచ్చింది వాళ్లను చేయనివ్వండి. ముందు వరుస కుర్చీలు డెబ్బై దాటిన పెద్దలకు.

అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు మన సభల్లో తప్పవు. ఎమ్మెల్యేగారు, చైర్‌పర్సన్‌గారు, దాతలు అందరికీ కలిపి మొదట్లో పదిహేను నిమిషాలు కేటాయించి, ఆ సంగతి ఆహ్వానంతోనే చెప్పేయండి. చాలామంది నాయకులు నిజానికి సంతోషిస్తారు, వాళ్లకు ఆ రోజు ఇంకా ఆరు ఊళ్లున్నాయి. ఆలస్యమైతే కార్యక్రమం ఆగదు. వచ్చినప్పుడు ఒక పాట అయ్యాక మైకు ఇస్తారు. దాతల పేర్లు ఫ్లెక్సీల మీద ముఖాలతో వేసే బదులు ఊళ్లోని పెయింటరు చేత గుడ్డ మీద రాయించండి. పేరు ఉంటుంది, పెయింటరుకు పని ఉంటుంది, పండగ మర్నాడు గాలికి కొట్టుకునే చెత్తా తగ్గుతుంది.

ముక్కనుమ తరువాత

బయటి ఊళ్ల వాళ్లు వెళ్లిపోయాక వచ్చే మొదటి ఆదివారం మళ్లీ కూర్చోండి. అభినందనలతో మొదలుపెడితే అక్కడే అయిపోతుంది. ముందు పారిశుద్ధ్య కార్మికులను మాట్లాడించండి: ఏ మూలలో చెత్త ఎక్కువ తీశారు, ఏ డబ్బా ఖాళీగా ఉంది. తరువాత తోపుడుబళ్లవాళ్లు: ఏ గంటలో అమ్మకం ఆగిపోయింది. తరువాత రాని వార్డు ఏదైనా ఉంటే, ఎందుకు రాలేదో అడగడానికి వాళ్ల ఇళ్లకే వెళ్లండి. మరుసటి ఏడాదికి కొత్తది ఒకటి చేర్చండి, ఉన్నవాటిలో ఒకటి తీసేయండి. ఏటా చేరుస్తూనే పోతే అయిదో ఏటికి కమిటీ చేతులెత్తేస్తుంది.

జమాఖర్చులు పైసలతో సహా రాసి మునిసిపల్ ఆఫీసు గోడ మీద, ప్రతి వార్డులో ఒక చోట అంటించండి. మిగులు ఎంతో, అది ఏ ఖాతాలో ఉందో కూడా. తప్పులు పట్టేవాళ్లు పడతారు, వాళ్లలో ఒకరిని వచ్చే ఏడాది లెక్కల తనిఖీకి పెట్టుకోండి.

చివరి పని ఒక పుస్తకం. జనరేటరు ఎవరిది, ఎంత అడిగాడు, ఎంతకు ఒప్పుకున్నాడు. ఏ అర్జీకి ఎన్ని రోజులు పట్టింది. ముగ్గు గళ్లు ఎవరు గీశారు, ఎన్ని మిగిలాయి. కోలాటం బృందంలో ఎవరికి మోకాళ్ల నొప్పులు, వాళ్ల బదులు ఎవరు నేర్చుకుంటున్నారు. నీళ్ల టిన్నులు ఏ గంటకు అయిపోయాయి. ఉగాదిలోపు ఆ పుస్తకాన్ని కొత్త కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.